కండ్లకలక: పుసి కట్టిన కంటి గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి, నీళ్ళతో తడిపితే గానీ కన్ను తెరుచుకోకపోవడం బ్యాక్టీరియా కండ్లకలకకు పెద్ద గుర్తు. దాని కారణాలు, వైద్యం గురించి ఇళ్ళలో, బడుల్లో, మందుల షాపు కౌంటర్ల దగ్గర అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. తొందరలో ఉన్నవాళ్ళు కనీసం స్టెరాయిడ్ చుక్కల గురించీ, "ఏ ఎర్రకన్ను కండ్లకలక కాదు?" అన్న ప్రశ్న గురించీ చదవండి. మామూలు కండ్లకలకతో చూపు పోవడం చాలా అరుదు. చూపు పోయేది ఆ రెండు చోట్ల జరిగే పొరపాట్లతోనే.

కండ్లకలకలో కంటిలో ఏ భాగం దెబ్బతింటుంది?

తెల్లగుడ్డు మీదా, రెప్పల లోపలి వైపునా పల్చటి తడిపొర ఒకటి పరుచుకుని ఉంటుంది. దాని పేరు కంజంక్టైవా. సూక్ష్మజీవులు చేరగానే ఆ పొరలోని సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి, అందుకే ఎరుపు. వాటిని చంపడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు, చచ్చిన బ్యాక్టీరియా, కన్నీరు కలిస్తే పుసి. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, అంటే కార్నియా, దీనికి పక్కనే ఉన్నా మామూలు కండ్లకలకలో దాని జోలికి పోదు. అందుకే పుసి తుడిచేస్తే చూపు ఎప్పటిలాగే ఉండాలి. తుడిచాక కూడా మసకగా ఉంటే జబ్బు పొర దాటి లోపలికి పోయిందేమోనని అనుమానించాలి.

బ్యాక్టీరియాదా, వైరస్‌దా, ఎలర్జీదా? ఇంట్లోనే పోల్చుకోవచ్చా?

నూటికి నూరుపాళ్ళూ పోల్చుకోలేరు, డాక్టర్లకే ఒక్కోసారి కష్టం. అయినా పుసి రంగు, చిక్కదనం చాలావరకు దారి చూపిస్తాయి.

బ్యాక్టీరియా అయితే పుసి పసుపుగానో, ఆకుపచ్చగానో, చిక్కగా ఉంటుంది. తుడిచిన కాసేపటికి మళ్ళీ చేరుతుంది. రెండు కళ్ళ రెప్పలూ పొద్దున గట్టిగా అతుక్కుంటాయి, దురద పెద్దగా ఉండదు. వైరస్ అయితే పుసి కంటే నీరు ఎక్కువ. ముందు ఒక కన్ను, రెండు మూడు రోజులకు రెండో కన్ను. జలుబు, గొంతునొప్పి తోడుంటాయి. చెవి ముందు వేలితో నొక్కితే చిన్న గడ్డలా తగిలి నొప్పి పెట్టొచ్చు. ఎలర్జీలో అన్నిటికంటే ముందుండేది దురద. నులుముకోకుండా ఉండలేరు, పుసి తీగలా సాగుతుంది, జ్వరం ఉండదు, ఏటా అదే కాలానికి వస్తుంది.

పెద్దవాళ్ళలో కండ్లకలకకు ఎక్కువగా వైరస్సే కారణం, పిల్లల్లో బ్యాక్టీరియా వాటా ఎక్కువ. 2023 జూలై, ఆగస్టు నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో ఊళ్ళకు ఊళ్ళు కళ్ళద్దాలు పెట్టుకు తిరిగిన కండ్లకలక కూడా ఎక్కువగా వైరస్‌దే. అప్పుడు వేసుకున్న యాంటీబయాటిక్ చుక్కల్లో చాలావరకు అక్కరలేనివే.

ఏ బ్యాక్టీరియా వల్ల వస్తుంది? అది కంట్లోకి ఎలా చేరుతుంది?

పిల్లల్లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, న్యూమోకాకస్, మొరాక్సెల్లా అనే మూడు ముఖ్యం. ఇవి ముక్కులో, గొంతులో ఉండేవే. జలుబు చేసినప్పుడు ముక్కు చీది అదే చేత్తో కన్ను నులిమితే చాలు. పెద్దవాళ్ళలో చర్మం మీదా, రెప్ప అంచుల్లోనూ ఉండే స్టెఫలోకాకస్ ముందు వరసలో ఉంటుంది.

చేరే దారులు సాదా సీదావి: చెయ్యి, తువ్వాలు, దిండు గలీబు, కాటుక డబ్బా. తల్లి చీర కొంగు కూడా ఈ జాబితాలోదే. ఒక బిడ్డ కన్ను తుడిచిన కొంగుతోనే ఇంకో బిడ్డ మూతి తుడుస్తారు. ఎండాకాలంలో, మామిడికాయల రోజుల్లో కళ్ళ చుట్టూ ముసిరే చిన్న నుసుములు కూడా ఒకరి పుసి మీద వాలి ఇంకొకరి కంటికి మోసుకుపోగలవు. పసిపిల్లలు వాటిని తోలుకోలేరు కాబట్టి పడుకున్నప్పుడు దోమతెర వేయండి. బ్యాక్టీరియా చేరిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కన్ను ఎర్రబడుతుంది.

కండ్లకలక ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందా?

అంటుకోదు. చూపుతో ఏ క్రిమీ ప్రయాణం చేయదు. నల్లద్దాలు పెట్టుకుంటే వెలుగు గుచ్చుకోదు, చెయ్యి మాటిమాటికీ కంటికి పోదు. అంతవరకే వాటి ఉపయోగం. అద్దాలు పెట్టుకుని అదే చేత్తో బస్సు కమ్మీ పట్టుకుంటే అంటించేది అంటిస్తూనే ఉంటారు.

మందు వేయకపోతే తగ్గదా?

మామూలు బ్యాక్టీరియా కండ్లకలక చాలామందిలో వారం, పది రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే ఒకటి రెండు రోజులు ముందు తగ్గుతుంది, ఇంకొకరికి అంటించే రోజులూ తగ్గుతాయి. పుసి చిక్కగా ఉన్నప్పుడు, ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు, హాస్టల్లో ఉన్నప్పుడు చుక్కలు వేయడమే మేలు. పుసి కొద్దిగా ఉండి, నొప్పి లేకుండా, చూపు బాగుంటే శుభ్రం చేసుకుంటూ రెండు మూడు రోజులు ఆగినా తప్పేం లేదు. వైరస్ దానికి యాంటీబయాటిక్ ఏమీ చేయదు. మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా పెరిగి, రెండు మూడు వారాలకు తగ్గుతుంది.

ఏ చుక్కలు? రోజుకు ఎన్నిసార్లు? ఎన్ని రోజులు?

ఇవి డాక్టర్లు మామూలుగా రాసే పద్ధతులు. మీ చీటీలో వేరేలా ఉంటే చీటీనే పాటించండి.

క్లోరాంఫెనికాల్ 0.5 శాతం చుక్కలు: మొదటి రెండు రోజులు మేలుకుని ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి, తర్వాత మూడు రోజులు రోజుకు నాలుగుసార్లు, మొత్తం అయిదు రోజులు. రాత్రి పడుకునేటప్పుడు అదే మందు 1 శాతం ఆయింట్‌మెంట్ వేస్తే తెల్లవారేదాకా కంట్లో నిలుస్తుంది, రెప్పలు అంతగా అతుక్కోవు. చౌక మందు, బాగా పనిచేస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఎముక మజ్జకు సంబంధించిన రక్త జబ్బు ఉంటే మాత్రం దీన్ని వాడకూడదు, ముందే చెప్పండి.

మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం: రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. గుర్తు పెట్టుకోవడం తేలిక కాబట్టి ఎక్కువగా ఇదే రాస్తున్నారు. ఆఫ్లాక్సాసిన్ 0.3, సిప్రోఫ్లాక్సాసిన్ 0.3, టోబ్రామైసిన్ 0.3 శాతం చుక్కలూ పనిచేసేవే. సిప్రోఫ్లాక్సాసిన్ మరీ తరచుగా వేస్తే నల్లగుడ్డు మీద తెల్లటి పొడిలా పేరుకోవచ్చు, మందు ఆపాక అది పోతుంది. టోబ్రామైసిన్, జెంటామైసిన్ లాంటివి వారాల తరబడి సాగదీస్తే మందే కంటిని ఎర్రగా ఉంచుతుంది. కన్ను తగ్గలేదని ఇంకో సీసా కొని మళ్ళీ అదే వేసేవాళ్ళలో ఇది తరచుగా కనిపిస్తుంది.

ఒక లెక్క చూడండి. చుక్క ఒకటి దాదాపు 0.05 మిల్లీలీటరు. 5 మిల్లీలీటర్ల సీసాలో వంద చుక్కలుంటాయి. క్లోరాంఫెనికాల్ రెండు కళ్ళకూ వేస్తే మొదటి రెండు రోజులకు 32, మిగతా మూడు రోజులకు 24, మొత్తం 56 చుక్కలు. పక్కకు కారిపోయినవి కలుపుకున్నా ఒక్క సీసా ఒక మనిషికి సరిపోతుంది. ఒక్క సీసా ఇద్దరికి మాత్రం వాడకూడదు, మొగుడూ పెళ్ళాలైనా సరే.

షాపులో ఇచ్చిన చుక్కలతో ఒక్క పూటలో ఎరుపు పోయింది. ఈసారి కూడా అవే వేయొచ్చా?

వేయొద్దు. పూటలో ఎరుపు పోయిందంటే ఆ సీసాలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ ఉండి ఉండొచ్చు. స్టెరాయిడ్ రోగాన్ని చంపదు, రోగంతో ఒంటికి జరిగే పోరాటాన్ని ఆపుతుంది. ఎరుపు, వాపు ఆ పోరాటం గుర్తులు. అవి పోయాయి కాబట్టి జబ్బు పోయిందనుకుంటాం. లోపల క్రిమి అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతూ ఉంటుంది.

మామూలు కండ్లకలకలో ఒకసారి వేసినందుకు పెద్ద నష్టం జరగకపోవచ్చు. అందుకే ఈ అలవాటు ఇంతగా పాతుకుంది. కానీ ఎర్రకన్ను వెనక హెర్పిస్ వైరస్ ఉంటే, లేదా వడ్ల పొట్టు గీరుకుని ఫంగస్ పుండు మొదలై ఉంటే, అవే చుక్కలు నాలుగైదు రోజుల్లో నల్లగుడ్డును కరిగించే దాకా తీసుకుపోతాయి. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. దాన్నే మన పెద్దలు కంట్లో పువ్వు వేసింది అనేవాళ్ళు. ఆ పువ్వు నల్లగుడ్డు నడిమధ్య వేస్తే చూపు పోయినట్టే. ఇక నెలల తరబడి స్టెరాయిడ్ వేసుకునేవాళ్ళకు కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా, వయసుకు ముందే శుక్లం వస్తాయి. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. దురద తగ్గుతుందని పిల్లలకు ఏటా వేసవంతా ఇవే చుక్కలు వేసే ఇళ్ళున్నాయి. వాళ్ళకు కంటి ఒత్తిడి కొలిపించాలి.

కంటి డాక్టర్లు కొన్ని జబ్బులకు స్టెరాయిడ్ రాస్తారు, అది వేరే సంగతి. వాళ్ళు స్లిట్ ల్యాంప్ యంత్రం కింద నల్లగుడ్డు చూసి రాస్తారు, ఒత్తిడి కొలుస్తారు, ఎప్పుడు ఆపాలో చెబుతారు.

సీసాలో స్టెరాయిడ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పెద్దక్షరాల పేరు కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదివించండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లూప్రెడ్నేట్: వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. బ్రాండు పేరు చివర డి, డీఎక్స్, ఎల్‌పీ లాంటి తోక ఉంటే చాలాసార్లు స్టెరాయిడ్ కలిసినదే. షాపులో "స్టెరాయిడ్ లేని ఒట్టి యాంటీబయాటిక్ చుక్కలు ఇవ్వండి" అని అడిగితే తప్పేం కాదు. ఎరుపు పోగొట్టే నాఫజోలిన్ చుక్కలు స్టెరాయిడ్ కావు గానీ, రోజూ వేస్తే ఆపిన వెంటనే ఎరుపు ముందుకంటే ఎక్కువగా వస్తుంది.

చుక్కలు ఎలా వేసుకోవాలి?

సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. పుసి ఉంటే ముందు తుడవండి, పుసి మీద వేసిన మందు పుసితోనే బయటికి పోతుంది. తల వెనక్కి వంచి, లేదా పడుకుని, చూపుడువేలితో కింది రెప్పను కిందికి లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. పైకి చూస్తూ ఆ జేబులో ఒక్క చుక్క వేయండి. సీసా మూతి రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ, వేలికి గానీ తగలకూడదు. తగిలితే సీసాలోకి క్రిములు చేరినట్టే. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. గట్టిగా ఆర్పితే మందు బయటికి కారిపోతుంది.

రెండు చుక్కలు వేస్తే రెట్టింపు పని జరగదు. ఆ జేబు ఒక చుక్కనే పూర్తిగా పట్టలేదు, రెండోది చెంప మీదకు పోతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్య అయిదు నిమిషాలు ఆగండి. ఆయింట్‌మెంట్ ఉంటే చుక్కల తర్వాతే. ముందు వేస్తే ఆ జిడ్డు మీద చుక్క నిలవదు. ఆయింట్‌మెంట్ బియ్యపుగింజంత చాలు, ఆ తర్వాత అరగంట చూపు మసకగా ఉంటుంది, బండి తోలొద్దు.

మా వాడు కన్ను తెరవనివ్వడు. ఏం చేయాలి?

వెల్లకిలా పడుకోబెట్టండి, కళ్ళు మూసుకునే ఉండనివ్వండి. ముక్కు పక్క కంటి మూలలో ఒక చుక్క వేసి, తల కదలకుండా పట్టుకుని కన్ను తెరవమనండి. తెరవగానే మందు దానంతట అదే లోపలికి జారుతుంది. ఇద్దరు పట్టుకుని రెప్పలు విడదీసే యుద్ధం అక్కరలేదు. మరీ పసివాళ్ళకైతే నిద్రపోయాక వేయడమే సుళువు.

చుక్కలు వేసుకుంటే గొంతులో చేదుగా ఉంది. మంచిదేనా?

కంటి మూల నుంచి ముక్కులోకి సన్నటి కన్నీటి గొట్టం ఉంది. మందు దాని గుండా గొంతులోకి దిగుతుంది, భయం లేదు. పైన చెప్పినట్టు మూలను నొక్కి ఉంచితే చేదూ తగ్గుతుంది, మందూ కంట్లో నిలుస్తుంది.

పుసి ఎలా తుడవాలి?

నీళ్ళు మరగబెట్టి చల్లార్చండి. ఉతికి ఎండబెట్టిన మెత్తటి నూలుగుడ్డను చిన్న ముక్కలు చేసుకోండి. ఒక ముక్కను తడిపి, మూసిన కంటి మీద నిమిషం ఉంచితే ఎండిన పుసి మెత్తబడుతుంది. ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడిచి ఆ ముక్క పారేయండి. మళ్ళీ తుడవాలంటే కొత్త ముక్క. ఎడమ కంటి ముక్క కుడి కంటికి వాడొద్దు. ఎండిన పుసిని గోటితో గీకితే వెంట్రుకలూ చర్మమూ ఊడతాయి, అక్కడ కొత్త పుండు పడుతుంది. ట్యాంకు నీళ్ళు, చెరువు నీళ్ళు, పన్నీరు కంట్లో చిలకరించుకోవద్దు. పన్నీరు వాసన బాగుంటుంది గానీ అది క్రిములు లేని ద్రవం కాదు.

తల్లిపాలు, నందివర్ధనం పూలు, ఆముదం?

నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది. అంతకుమించి వైద్యం లేదు, రసం కంట్లో పిండనంతవరకు నష్టమూ లేదు. తల్లిపాలు కంట్లో పిండితే ఆ తీపికి బ్యాక్టీరియా ఇంకా పెరగొచ్చు, పైగా సరైన మందు ఆలస్యమవుతుంది. ఆముదం, కాటుక, తేనె మానేయండి.

జిల్లేడు పాలు, జెముడు పాలు మాత్రం ప్రమాదం. మందని వేసినా, పూలు కోస్తూ పొరపాటున పడ్డా నల్లగుడ్డు ఉబ్బి చూపు మసకబారుతుంది. జిల్లేడు పాలు పడినప్పుడు మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, దాంతో నిర్లక్ష్యం చేస్తారు. వెంటనే ధారగా నీళ్ళు పోసి కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

పత్యం ఉందా? వంకాయ, చేపలు మానాలా?

ఏదీ మానక్కర్లేదు. చేపల పులుసు నిశ్చింతగా తినండి, తిన్నాక కారం చేత్తో కన్ను ముట్టుకోకండి.

ఏ ఎర్రకన్ను కండ్లకలక కాదు?

కిందివాటిలో ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం, షాపు చుక్కలు ఆపి, అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. గరుకుగా, మంటగా ఉండటం కాదు, నిజమైన నొప్పి. వెలుగు చూడలేకపోవడం. పుసి తుడిచినా చూపు మసక. నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. కనుపాప గుండ్రంగా లేకపోవడం, లేదా రెండు కళ్ళలో వేర్వేరు సైజులో ఉండటం. తలనొప్పి, వాంతులతో కన్ను ఎర్రబడటం. ముఖం మీద, రెప్ప మీద నీటి పొక్కులు. తుడిచిన నిమిషాల్లోనే మళ్ళీ ధారగా చీము కారడం. ఈ చివరిది గనోరియా అనే సుఖవ్యాధి బ్యాక్టీరియా కావచ్చు. అది ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డుకు చిల్లి పెట్టగలదు. చుక్కలు ఒక్కటే చాలవు, సెఫ్‌ట్రైయాక్సోన్ ఇంజెక్షన్ కావాలి.

ఇంకో ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకోవాలి: కన్ను ఎర్రబడేముందు అందులో ఏమైనా పడిందా? డెల్టాలో వరి నూర్పిడి రోజుల్లో వడ్ల పొట్టు, వరి ఆకు అంచు. కొండపి, టంగుటూరు వైపు పొగాకు ఆకు కొట్టేటప్పుడు, బ్యారన్‌లో కట్టలు ఎత్తేటప్పుడు తగిలే కాడ. మిరప కల్లాల్లో పొట్టు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, కటింగ్ యూనిట్లలో ఎగిరే రాతి నలుసు. ఇవి తగిలాక ఒక కన్ను మాత్రమే ఎర్రబడి, రోజురోజుకూ నొప్పి పెరుగుతూ ఉంటే అది కండ్లకలక కాదు, నల్లగుడ్డు మీద పుండు. పచ్చి ఆకు, పొట్టు గీరిన పుండులో ఫంగస్ ఉండే అవకాశం ఎక్కువ. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, నాటమైసిన్ 5 శాతం లాంటి ఫంగస్ మందు వారాల తరబడి వేయాలి. స్టెరాయిడ్ పడితే ఇక చెప్పనక్కర్లేదు. నలుసును నాలుకతో తీయించుకోవడం, పిన్నుతో తీయించుకోవడం పుండును పిలిచి పెట్టుకోవడమే.

రొయ్యల చెరువులో పని. సున్నం, బ్లీచింగ్ చల్లేటప్పుడు కంట్లో పడింది. చుక్కలు వేసుకోవాలా?

ముందు నీళ్ళు, తర్వాతే ఏదైనా. సున్నం క్షారం, కణజాలాన్ని కరిగిస్తూ లోపలికి దిగుతూనే ఉంటుంది. రెప్పలు విడదీసి పట్టుకుని, మంచినీళ్ళ క్యానుతోనో, పంపు ధారతోనో కనీసం అరగంట ఆపకుండా కడగండి. కడిగేటప్పుడు కన్ను అన్ని వైపులా తిప్పాలి. పై రెప్ప కింద సున్నపు బెడ్డ చిక్కుకుని ఉండొచ్చు, తడి గుడ్డ అంచుతో తీయండి. మంచినీళ్ళు దొరక్కపోతే దొరికిన నీళ్ళతోనే మొదలుపెట్టండి, ఆలస్యమే ఎక్కువ చెరుపు. ఆ తర్వాత తిన్నగా ఆసుపత్రికి. గాలికి ఎదురు నిలబడి సున్నం చల్లకపోవడం, యాభై అరవై రూపాయల ప్లాస్టిక్ కళ్ళద్దాలు పెట్టుకోవడం వీటన్నిటికంటే చౌక.

బడికి, హాస్టలుకు ఎప్పుడు పంపొచ్చు?

యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఒకటి రెండు రోజులై, పుసి కారడం ఆగితే పంపొచ్చు. నీరు కారే వైరస్ రకమైతే నీరు ఆగేదాకా ఇంట్లో ఉంచితే మంచిది. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో ఒక్కరికి వస్తే వారంలో గదంతా పాకుతుంది. కారణం ఒకే బకెట్టు, ఒకే సబ్బు, పక్కపక్కనే ఆరేసిన తువ్వాళ్ళు. వచ్చినవాళ్ళ తువ్వాలు, దిండు గలీబు వేరు చేసి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. శానిటైజర్ రాసుకుంటే చాలనుకోవద్దు, కండ్లకలక తెచ్చే అడినోవైరస్ మీద అది బాగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే నయం. జబ్బు లేనివాళ్ళకు ముందుజాగ్రత్తగా చుక్కలు వేయడం మాత్రం వృథా.

రొట్టెల పండుగలో, సముద్ర స్నానంలో అంటుకుంటుందా?

బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకునే రోజుల్లో గానీ, మైపాడు తీరంలో గానీ, నీళ్ళ కంటే రద్దీదే పాత్ర ఎక్కువ. చేతులు చేతులకు తగులుతాయి, తడి ముఖం ఎవరి కండువాతోనో తుడుచుకుంటారు. మీ తువ్వాలు మీరు తీసుకుపోండి, నీళ్ళలో కళ్ళు మూసుకోండి. కన్ను ఎర్రగా ఉన్నవాళ్ళు ఆ వారం మునకలు మానుకోవాలి.

పుట్టిన బిడ్డకు కళ్ళు పుసి కడుతున్నాయి.

మొదటి నెలలోపు పుసిని ఎప్పుడూ మామూలు కండ్లకలకగా తీసుకోకూడదు. పుట్టిన రెండు నుంచి అయిదు రోజుల్లో రెప్పలు ఉబ్బి చీము కారితే గనోరియా బ్యాక్టీరియా, అయిదు నుంచి పధ్నాలుగు రోజుల మధ్య అయితే క్లమిడియా అనే ఇంకో సుఖవ్యాధి బ్యాక్టీరియా కావచ్చు. రెండూ కాన్పులో తల్లి నుంచి వస్తాయి. బిడ్డకు ఇంజెక్షన్, లేదా నోటి మందు కావాలి, తల్లికీ తండ్రికీ వైద్యం చేయాలి. అదే పూట ఆసుపత్రికి పోవాలి, బాలింతను బయటికి తీసుకుపోకూడదని ఆగొద్దు.

రెప్పలు ఉబ్బకుండా, తెల్లగుడ్డు తెల్లగానే ఉండి, ఊరికే నీరు, కొద్దిగా పుసి అయితే కన్నీటి గొట్టం ఇంకా తెరుచుకోలేదన్నమాట. డాక్టరు అదేనని చెప్పాక, గోళ్ళు తీసిన చిటికెన వేలితో కంటి మూల నుంచి ముక్కు పక్కగా కిందికి నొక్కుతూ పదిసార్లు, రోజుకు మూడు నాలుగు దఫాలు మర్దన చేయండి. ఎక్కువమందిలో ఏడాది లోపు తెరుచుకుంటుంది.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు?

కన్ను ఎర్రబడ్డ క్షణమే తీసేయండి. లెన్సు కింద సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా చేరితే ఒక్క రోజులో నల్లగుడ్డును తినేస్తుంది. డాక్టరుకు చూపించాల్సిందే. ఆ లెన్సు, డబ్బా, ద్రావణం మూడూ పారేసి, కన్ను పూర్తిగా తెల్లబడి, మందు ఆపిన మర్నాటి తర్వాతే కొత్తవి పెట్టుకోవాలి.

పాపకు కండ్లకలకతో పాటు చెవిపోటు కూడా ఉంది.

రెండింటికీ ఒకే క్రిమి, ఎక్కువగా హీమోఫిలస్, కారణం కావచ్చు. కంటి చుక్కలు చెవి దాకా పోవు. నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలి, పిల్లల డాక్టరుకు చూపించండి.

మిగిలిన చుక్కలు దాచుకోవచ్చా?

మూత తీసిన నాలుగు వారాలకు పారేయాలి. లేబుల్ మీద కాలం ఇంకా రెండేళ్ళున్నా అది మూత తీయని సీసాకే. తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. మన ఎండల్లో బండి డిక్కీలో, రేకుల ఇంట్లో కిటికీ పక్కన పెడితే మందు చెడుతుంది. 2 నుంచి 8 డిగ్రీలని రాసి ఉంటే ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి, గడ్డకట్టే అరలో కాదు.

ఎక్కడ చూపించాలి?

మామూలు పుసి అయితే ఊళ్ళోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో గానీ, పీహెచ్‌సీలో గానీ చూపిస్తే చాలు. చుక్కలు మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా మెరుగు కనిపించకపోతే, పైన చెప్పిన ప్రమాద గుర్తులుంటే నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల కంటి విభాగాలకు వెళ్ళండి. వాడిన సీసాలన్నీ, ఖాళీవైనా, వెంట తీసుకుపోండి. ఏం వేశారో తెలిస్తే డాక్టరు పని సగం అయినట్టే. పుసిని పరీక్షకు పంపడం అందరికీ అక్కరలేదు. పసిబిడ్డలకు, చీము ధారగా కారేవాళ్ళకు, మందుకు లొంగనివాళ్ళకే పంపుతారు.

నెలకోసారి మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఎందుకు?

రెప్ప అంచుల్లో చుండ్రులాంటి పొలుసులు, పొద్దున మంట ఉంటే స్టెఫలోకాకస్ అక్కడ కాపురం పెట్టింది. రోజూ వెచ్చటి గుడ్డ కాపడం, పలుచన చేసిన బేబీ షాంపూతో రెప్ప అంచులు తుడవడం నెలల తరబడి చేస్తేనే తగ్గుతుంది. నాలుగు వారాలు దాటినా తగ్గని కండ్లకలకలో, ముఖ్యంగా వయసు పిల్లల్లో, క్లమిడియా ఉందేమో చూడాలి. అదే జాతి బ్యాక్టీరియా వల్ల వచ్చే ట్రకోమా ఒకప్పుడు దేశంలో ఎందరి చూపునో తీసింది. అది ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

యాభై దాటినవాళ్ళకు, ఎక్కువగా ఆడవాళ్ళకు, ఒకే కంటికి ఎప్పుడూ నీరు, పుసి వస్తుంటే కంటి మూల పక్కన ముక్కు ఎముక మీద వేలితో నొక్కి చూడండి. లోపలి నుంచి చీము పైకి వస్తే జబ్బు కంటిది కాదు, మూసుకుపోయిన కన్నీటి సంచిది. ఎన్ని సీసాలు పోసినా అది తగ్గదు. డీసీఆర్ అనే చిన్న ఆపరేషన్‌తో ముక్కులోకి కొత్త దారి చేస్తారు. శుక్లం ఆపరేషన్‌కు పోయేవాళ్ళు ముందు దీన్ని చేయించుకోవాలి, లేదంటే ఆ చీములోని క్రిములు కోసిన కంట్లోకి పోతాయి.